తలుపు తట్టిన చేయి

జూలై దగ్గర పడిందంటే మన ఊళ్లలో లయన్స్, రోటరీ క్లబ్బుల కొత్త కార్యవర్గాల ప్రమాణ స్వీకారాలు మొదలవుతాయి. కొత్త అధ్యక్షులు ప్రసంగం కోసం ఫోన్లో వెతుకుతారు. నాయకత్వం అని కొట్టగానే సూక్తులు కుప్పలుగా వచ్చి పడతాయి. ఎవరన్నారో తెలియదు, ఏ సందర్భంలో అన్నారో అసలే తెలియదు. నన్నడిగితే వాటన్నిటినీ పక్కన పెట్టి ఒక్క ప్రసంగం చదవమంటాను. 1925 జూన్ 30న అమెరికాలోని ఒహాయో రాష్ట్రం సీడార్ పాయింట్‌లో, లయన్స్ అంతర్జాతీయ మహాసభలో హెలెన్ కెల్లర్ చేసిన ప్రసంగమది. లయన్స్ అంతర్జాతీయ సంస్థ వెబ్‌సైట్‌లోనే దొరుకుతుంది. చదవడానికి అయిదు నిమిషాలు పట్టదు.

మెల్విన్ జోన్స్ షికాగోలో లయన్స్‌కు పునాది వేసి అప్పటికి ఎనిమిదేళ్లు. హెలెన్‌కు మూడు రోజుల కిందటే నలభై అయిదు నిండాయి. పంతొమ్మిది నెలల పసితనంలో జబ్బుచేసి చూపు, వినికిడి రెండూ పోయిన మనిషి. అంతకు ముందు ఏడాది నుంచి అంధుల కోసం ఏర్పడిన అమెరికన్ ఫౌండేషన్ ఫర్ ది బ్లైండ్‌కు విరాళాల కోసం ఊరూరా తిరుగుతోంది. సభకు వచ్చింది కూడా అడగడానికే. ఆ అడగడంలో ఉన్న పనితనమే నన్ను కట్టిపడేస్తుంది.

అవకాశం ఒక చపలచిత్త అయిన స్త్రీ అనీ, ప్రతి ఇంటి తలుపూ ఒక్కసారే తడుతుందనీ, తీయకపోతే వెళ్లిపోయి మళ్లీ రాదనీ ఒక పాత కథ ఉంది. హెలెన్ దానితో మొదలుపెడుతుంది. విన్నవారికి ఇందులో కొత్తేమీ లేదు. మరుక్షణం ఆ కథను తనకే అన్వయించుకుంటుంది. మీ అవకాశాన్ని నేనే, మీ తలుపు తడుతున్నాను, నన్ను దత్తత తీసుకోండి అన్న అర్థంలో మాట్లాడుతుంది. దానం పుచ్చుకోవడానికి వచ్చిన మనిషి ఇవ్వడానికి వచ్చినట్టు నిలబడింది. వేదిక కింద కూర్చున్న వ్యాపారస్తులు దాతల హోదాలోంచి తలుపు తీయాల్సిన గృహస్థుల స్థానంలోకి జారారు. నాలుగైదు వాక్యాల్లోనే ఇంత మార్పు జరిగిపోయింది.

తర్వాత వాళ్లను ఒక్కసారి ఊహించుకోమంటుంది: ఈరోజే మీ చూపు పోయిందనుకోండి, పట్టపగలు అర్ధరాత్రిలా తడుముకుంటున్నారు, చేసే పని పోయింది, సొంత కాళ్లమీద నిలబడే బతుకూ పోయింది. తన కష్టం సంగతి అప్పటికి ఒక్క మాటైనా చెప్పలేదు, గమనించండి. జాలి పుట్టించే దారి తనకు ఎంతో సులువు. ఆ దారి పట్టలేదు. ఆ చీకట్లో ఒక స్నేహితుడు చేయిపట్టుకుని, నువ్వు మునుపు చేసిన పనులు కొన్ని మళ్లీ నేర్పిస్తాను రా అంటే ఎలా ఉంటుందని అడిగాకే, ఫౌండేషన్ చేయబోయే పని అదేనంటుంది.

తలుపు తట్టడం, చేయి పట్టుకోవడం. ఆ తర్వాత గురువు యాన్ సలివన్ వేళ్ల నుంచి తన చేతిలో పడిన చిన్న మాట. చేతికి తెలిసే సంగతులే ప్రసంగమంతా పరుచుకుని ఉన్నాయి. 1887లో నీళ్ల పంపు దగ్గర ఆమె అరచేతిలో అక్షరాల గుర్తులు పెడుతూ ఆ వేళ్లే ఆమెకు భాషనిచ్చాయి. అందుకే కాబోలు అలంకారాలేవీ అరువు తెచ్చినట్టు అనిపించవు. వాక్యాలు పొట్టివి. ఆమె ఉచ్చారణ కొత్తవారికి ఓ పట్టాన అర్థమయ్యేది కాదు, సభల్లో పక్కన నిలబడి ఎవరో ఒకరు తిరిగి చెప్పేవారు. ఆ పొట్టితనం వెనక ఆ అవసరం కూడా ఉండి ఉంటుందని నా నమ్మకం.

విరాళం కోసం వచ్చి, డబ్బు కంటే మీ మనసు మాకు ముఖ్యం, మనసు లేని దానం వట్టిది అని చెప్పే ధైర్యం ఎందరికి ఉంటుంది?

ఇక అసలు కోరిక. నివారించగలిగిన అంధత్వం ఉండకూడదు, చదువు రాని చెవిటి గుడ్డి బిడ్డ ఉండకూడదు, ఆసరా లేని అంధులు ఉండకూడదు. ఒకే వాక్యంలో మూడూ. మొదటిది వైద్యం, రెండోది విద్య, మూడోది తోడు. జబ్బు రాకముందు మనిషి, పసిబిడ్డ, పెద్దవాళ్లు, ఎవరూ తప్పిపోలేదు. నూరేళ్ల కార్యక్రమాన్ని అంత చిన్న వాక్యంలో ఇమడ్చడం నేను మరెక్కడా చూడలేదు. ఆఖర్న వాళ్లకొక బిరుదు ఇస్తుంది. చీకటిమీద జరిగే ఈ పోరులో ‘నైట్స్ ఆఫ్ ది బ్లైండ్’, అంటే అంధుల పక్షాన నిలిచే వీరులు, కమ్మంటుంది. సింహం పేరు పెట్టుకున్నవాళ్లకు ఆ పౌరుషంతో చేయాల్సిన పనిని చూపించింది.

వాళ్లు ఆ పని అందుకున్నారు. 1930లో ఇలినాయ్ రాష్ట్రం పియోరియాలో ఒక లయన్ చొరవతో అంధుల చేతికి తెల్లకర్ర వచ్చింది. 1990లో లయన్స్ అంధత్వ నివారణ కార్యక్రమం సైట్‌ఫస్ట్ మొదలైంది. మన ఊళ్లలో లయన్స్ పెట్టే కంటి శిబిరంలో శుక్లాల ఆపరేషన్‌కు వరుసలో కూర్చున్న అవ్వకు హెలెన్ పేరు తెలియకపోవచ్చు. ఆ శిబిరం మూలం ఆ రోజు ఆమె అన్న మాటల్లో ఉంది.

కొత్త అధ్యక్షులూ, మీ ప్రసంగం రాసుకునే ముందు ఆమె ప్రసంగాన్ని ఒకసారి పైకి చదవండి. ఆ తర్వాత మీ క్లబ్బు ఈ ఏడాది ఎవరికి తలుపు తీయబోతోందో ఒక్క వాక్యంలో రాసుకుని, సభలో అదే చెప్పండి.