పేస్ట్ మార్చే ముందు

డెస్క్‌టాప్ వేడెక్కి దానంతటదే ఆగిపోతోందంటే చాలామంది మొదట చేసే పని ప్రాసెసర్‌కీ, దాని మీద కూర్చునే లోహపు హీట్‌సింక్‌కీ మధ్య పూసే థర్మల్ పేస్ట్ మార్చడం. ఒక్కోసారి అది పనిచేస్తుంది కూడా. కానీ ప్రాసెసర్ ఎంత వేడెక్కిందన్నదాని కంటే ఎలా వేడెక్కిందన్నదే అసలు లోపాన్ని పట్టిస్తుంది. కోర్ టెంప్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ తెరిచి, ప్రాసెసర్ మీద ఒక్కసారిగా పూర్తి లోడ్ పెట్టి, అంకెలు గమనించండి. 45 డిగ్రీల నుంచి రెప్పపాటులో 95కి ఎగబాకి, లోడ్ తీయగానే అంతే వేగంగా పడిపోతే, చిప్‌లో పుట్టిన వేడి హీట్‌సింక్‌లోకి దిగడం లేదని అనుమానించాలి. అలా కాకుండా పది నిమిషాల పాటు మెల్లగా పెరుగుతూ పోయి, లోడ్ తీశాక కూడా తీరిగ్గా దిగితే, హీట్‌సింక్ వేడిని అందుకుంటోంది గానీ దాన్ని బయటికి తోసే గాలి ఆడటం లేదు. ఈ రెండో రకానికి ఎంత ఖరీదైన పేస్ట్ పూసినా ఉపయోగం లేదు.

మొదటి రకంలోనూ నేరమంతా పేస్ట్‌దే కాదు. ఇంటెల్ ప్రాసెసర్‌తో పాటు వచ్చే కూలర్‌ని నాలుగు ప్లాస్టిక్ పిన్నులు పట్టి ఉంచుతాయి. మదర్‌బోర్డు వెనక నుంచి చూస్తే నాలుగు రంధ్రాల్లోనూ వాటి కాళ్లు విచ్చుకుని కనిపించాలి. ఒక్కటి సరిగా దిగకపోయినా హీట్‌సింక్ ఓ పక్కకి ఒరిగి మధ్యలో గాలి చేరుతుంది. వేడిని మోయడంలో మామూలు పేస్ట్ కూడా గాలి కంటే పదుల రెట్లు మెరుగు. అదే పేస్ట్ రాగి ముందు ఏమాత్రం తూగదు. అందుకే అది సన్నటి పొరగా సందులు పూడ్చడానికే తప్ప, దిట్టంగా పూయడానికి కాదు. రెండో రకంలో ముందుగా ఫ్యాన్ విప్పి దాని కింద చూడాలి. పైనుంచి శుభ్రంగా కనిపించే కూలర్‌లోనూ ఫ్యాన్‌కీ హీట్‌సింక్ రేకులకీ మధ్య దుమ్ము మందపాటి గుడ్డలా పరుచుకుని ఉండవచ్చు. దుమ్ము లేకపోతే క్యాబినెట్ పక్క మూత తీసి అదే లోడ్ మళ్లీ పెట్టండి. పది డిగ్రీలు తగ్గిందంటే లోపం క్యాబినెట్ గాలిదే. మూత తీసి ఉంచడం పరీక్షే గానీ పరిష్కారం కాదు.

పేస్ట్ చవకే కదా, మార్చి చూస్తే పోయేదేముంది అని అడగవచ్చు. పోయేది ఉంది. ఏఎమ్‌డీ ఏఎమ్4 సాకెట్ ప్రాసెసర్లలో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి. ఎండి అతుక్కుపోయిన పేస్ట్ వల్ల, హీట్‌సింక్ లాగితే ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడివచ్చి పిన్నులు వంగిపోవచ్చు. తీయక తప్పకపోతే కాసేపు నడిపి, వేడిగా ఉన్నప్పుడే పవర్ కట్టేసి, మెల్లగా అటూ ఇటూ తిప్పుతూ తీయాలి.

ఇంకో అభ్యంతరం ఇంతకంటే బలమైనది. 2022లో వచ్చిన రైజెన్ 7000 ప్రాసెసర్లకు 95 డిగ్రీలు మామూలేనని ఏఎమ్‌డీయే చెప్పింది. చాలా ఇంటెల్ చిప్‌ల గరిష్ఠ పరిమితి 100. ఎక్కువ వాట్లు తాగే కొత్త ప్రాసెసర్లు మంచి కూలర్ ఉన్నా క్షణాల్లో అక్కడికి చేరతాయి. నిజమే. అలాంటి వాటిలో డిగ్రీలతో పాటు క్లాక్ స్పీడ్ కూడా చూడాలి. పరిమితి దగ్గర ఉన్నా స్పీడ్ బేస్ క్లాక్ (తయారీదారు ప్రకటించిన మూల వేగం) కంటే కిందికి పడకపోతే కంగారక్కర్లేదు. ఏ పనీ చేయకుండానే 80 చూపిస్తే మాత్రం ముందు టాస్క్ మేనేజర్‌లో చాటుగా నడిచే ప్రోగ్రామ్ ఏదైనా ఉందేమో చూసి, లేకపోతే కూలర్‌ని అనుమానించాలి. వాటర్ కూలర్‌లో ఫ్యాన్లు తిరుగుతున్నా పంపు ఆగిపోయి ఉండవచ్చు.

గది వేడిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. గాలితో చల్లబరిచే ఏ కూలరూ ప్రాసెసర్‌ని గది కంటే చల్లగా ఉంచలేదు. డిసెంబరులో 75 దగ్గర నిలిచినది మే నెల రామగుండంలో 90 చూపిస్తే కొత్త లోపమేదీ వచ్చినట్టు కాదు. కాబట్టి సర్వీస్ షాపులో ఇచ్చేటప్పుడు ఒక్క మాట అడగండి: అదే గదిలో, అదే లోడ్ మీద, బాగు చేయకముందు ఎన్ని డిగ్రీలు, చేశాక ఎన్ని డిగ్రీలు అన్నది బిల్లు మీద రాసివ్వమనండి.