పల్లవి దగ్గర కలుసుకుందాం

చావు జరిగిన ఇంటి వాకిట్లో సాయంత్రానికి చాపలు పరుస్తారు. పనుల నుంచి వచ్చినవాళ్లు కాళ్లు కడుక్కుని వచ్చి కూర్చుంటారు. తెలుగు క్రైస్తవులు దీన్ని ఆదరణ కూడిక అంటారు. పాట, వాక్యం, సాక్ష్యం, ప్రార్థన: చూడ్డానికి మామూలు వరసే. కానీ కుంగిన మనిషిని నిలబెట్టే పనితనం అందులో చాలా ఉంది.

పాటతోనే మొదలు. గొంతున్న ఒకామె పాదం ఎత్తుకుంటే, అదే పాదాన్ని అందరూ అందుకుంటారు. చదువు రానివాళ్లకూ ఇలాగే పాటలు నోటికొచ్చాయి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో చాలా కీర్తనలకు రాగం, తాళం రాసి ఉంటాయి. తెలుగులో కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటివారు పల్లవి, చరణాల పద్ధతినే ఎంచుకున్నారు. దుఃఖంలో దాని విలువ తెలుస్తుంది. ఏడుపు పొంగి ఇంటావిడ మధ్యలో ఆగిపోయినా పాట ఆగదు. చరణాన్ని పక్కవాళ్లు నడిపిస్తారు. గొంతు పెగిలాక ఆమె పల్లవి దగ్గర మళ్లీ కలుస్తుంది.

వాక్యం కూడా కన్నీటిని కాదనదు. బైబిల్లోని కీర్తనల గ్రంథంలో 13వ కీర్తన ఆరు వచనాలే. ఎంతకాలం నన్ను మరచిపోతావని దేవుణ్ణే నిలదీస్తూ మొదలై, ఆయన్ను నమ్మి పాడడంతో ముగుస్తుంది. ముందు మొర, తర్వాతే స్తుతి. ఈ క్రమం తెలిసిన సంఘం ఎవరినీ ఏడవొద్దని గదమాయించదు.

చివర్లో ప్రార్థన విన్నపాలు అడుగుతారు. ఒకరు కొడుకు ఆపరేషన్ సంగతి, ఇంకొకరు అప్పు సంగతి చెప్పుకుంటారు. పేరుపేరునా ప్రార్థన చేశాక ఆ కష్టం నలుగురికీ తెలిసిందవుతుంది. తెలిసినవాళ్లు మర్నాడు ఆసుపత్రికి తోడు వెళ్లాలి, పొయ్యి వెలగని ఇంటికి బియ్యం పంపాలి. ఆమెన్ అన్న నోటికి ఆ బాధ్యత ఉంది.

ఈ నేలమీద ఆ బాధ్యతకు పెద్ద పరీక్ష 1876–78 కరువు. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వించే పని ఒప్పుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు కూలి దొరికేలా చేశాడు. బోధకులే పని చూసుకునేవారు, విశ్రాంతి వేళల్లో వాక్యం చెప్పేవారు. కూడు కోసం మతంలో చేరారన్న మాట రాకూడదని ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం ముగిశాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో ఎక్కువమంది ఊరు వెలివేసిన మాదిగలు. పక్కన కూర్చునే మనిషి దొరకడమే వారికి సగం సువార్త.

నిరీక్షణ ఒక్కరి గుండెబలంతో నిలిచేది కాదు, సంఘమంతా మోయాల్సింది. అందుకే విశ్వాసం సన్నగిల్లిన రోజున కూడిక మానేయకూడదు, ఆ రోజే తప్పకుండా రావాలి. మనం పాడలేని చరణాన్ని మనకోసం పాడేవాళ్లు అక్కడుంటారు. మనకు గొంతు వచ్చిన రోజున ఇంకొకరికోసం పాడవలసింది మనమే.