నల్ల వెల్వెట్ నెమలికి బంగారు ఫ్రేము ఎందుకు?

మా మేనత్త పెళ్లికి ముందు నల్ల వెల్వెట్ బట్ట మీద రెండు బొమ్మలు వేసింది. హంసల జంట ఆమెతో పాటు అత్తగారింటికి పోయింది. నెమలిని నానమ్మ అడిగి ఉంచుకుంది. ఇట్లాంటి పటాలు సగరోళిలో చాలా ఇండ్లల్ల ఉంటాయి. చూసినవాళ్లు "బొమ్మ మంచిగుంది" అంటరు గాని ఫ్రేము సంగతి ఎవ్వరూ ఎత్తరు. నాకైతే ఆ నెమలి అందాన్ని సగం తినేసింది ఫ్రేమే అనిపిస్తుంది.

ముందు బొమ్మ గురించి చెప్పాలి. అత్త నెమలి ఒళ్లంతా రంగు పూయలేదు. మెడకు ఒక పక్క సన్నగా నీలం గీతలు, రెక్క అంచుకు కొంచెం ఆకుపచ్చ, అంతే. మిగతాదంతా బట్ట నలుపే. ఆ నలుపే నీడ అయ్యి, మెడ గుండ్రంగా కనిపిస్తుంది. తెల్ల కాగితం మీద నీడ మనం వెయ్యాలి. వెల్వెట్ మీద అది ముందే ఉంటుంది, వెలుతురు మాత్రమే వెయ్యాలి. ఎడ్గార్ లీటెగ్ (1904–1953) అనే అమెరికా చిత్రకారుడు తాహితీ ప్రాంతంలో ఉండి నల్ల వెల్వెట్ మీద మనుషుల బొమ్మలు వేసి పేరు తెచ్చుకున్నాడు. మా అత్తకు ఆయన పేరు తెలియదు, అయినా బట్ట గుణం పట్టుకుంది. కాళ్లు మాత్రం కుదరలేదు, కట్టెపుల్లల లెక్క ఉన్నాయి.

ఇంత నెమ్మదైన బొమ్మకు కట్టించింది నాలుగు వేళ్ల వెడల్పు బంగారు రంగు ఫ్రేము, దాని నిండా పూలు, తీగలు. చూపు ముందు అక్కడికే పోతుంది. అంతకన్నా పెద్ద తప్పు అద్దం. బట్టకు అద్దం ఆనించి వెనుక మొలలు కొట్టారు. వెల్వెట్‌కు సన్నని నూగు ఉంటుంది. చేత్తో ఒకవైపు నిమిరితే చిక్కగా, ఇంకోవైపు నిమిరితే వెలిసినట్టు కనిపించేది దానివల్లే. అద్దం కింద ఆ నూగు అణిగిపోయి అక్కడక్కడ బూడిదరంగు మచ్చలు పడ్డాయి. వానాకాలం చెమ్మకు మెడ దగ్గర రంగు అద్దానికి అంటుకుంది. పగలు చూస్తే నెమలి కంటే ముందు ఎదురుగా ఉన్న తలుపు కనపడుతుంది. వెనుక నలుపు ఉంటే అద్దం నిలువుటద్దమే అవుతుంది కదా!

గోదావరి అవతల నిర్మల్‌లో వేసే బొమ్మల్లో కూడా నల్లని నేల, దాని మీద బంగారు రంగు చూస్తాం. కాని అది చెక్క మీది నలుపు, నున్నగా మెరుస్తుంది. మెరిసేదానికి మెరిసే అంచు సరిపోతుంది. వెల్వెట్ నలుపు వెలుతురును మింగుతుంది. రెండూ నలుపే అని ఒకే ఫ్రేము కట్టొద్దు.

మనకు బంగారు ఫ్రేము మోజు దేవుడి పటాల నుంచే వచ్చిందనుకుంటాను. 1894లో బొంబాయిలో రవివర్మ ప్రెస్ మొదలైనాక లక్ష్మి, సరస్వతి బొమ్మలు మామూలు ఇళ్లకు చేరాయి. ఆ కాగితం చీరల మీద ఆడవాళ్లు నిజం బట్ట, జరీ, చమ్కీలు అంటించి పటం కట్టించేవాళ్లు. జరీ చీర లక్ష్మికి బంగారు ఫ్రేము అందమే. నెమలికి అది ఎవరో ఇచ్చిన నగలు పెట్టుకున్నట్టుంది.

అయితే అద్దమే వద్దు అంటే అమ్మ ఒప్పుకోదు. పత్తి బండ్లు పోయే రోడ్డు పక్క ఇల్లు, దుమ్ము నూగులో ఇరికితే తడిబట్టతో తుడవలేం, బల్లులు వేరే. ఆమె మాట నిజమే. అందుకే అద్దం ఉండాలి, కాని బట్టను తాకొద్దు. ఫ్రేము లోపల నాలుగు పక్కలా సన్న చెక్క పట్టీ పెడితే అద్దానికీ నూగుకూ మధ్య వేలెడు సందు ఉంటుంది. దానికి లోతున్న ఫ్రేము కావాలి, వెడల్పుది కాదు. రంగు ముదురు గోధుమ. పూర్తి నలుపైతే బట్ట ఎక్కడ అయిపోయిందో తెలియదు. బంగారం కావాల్సిందే అంటే లోపలి అంచుకు దారమంత గీత చాలు. వేలాడదీసేది తలుపుకు ఎదురుగా కాకుండా పక్క గోడకు.

ఇప్పుడే ఇదంతా ఎందుకంటే, వదిన పెళ్లి కుదిరింది. బిడ్డకు ఇస్తానని అత్త నెమలిని అడిగింది. ఆమె ఇప్పుడు బొమ్మలు వెయ్యడం లేదు, ఇంకొకటి రాదు. పెళ్లిలో ఇచ్చేది మెరవాలని నాన్న ఇంకా వెడల్పు బంగారు ఫ్రేము చూసి వచ్చాడు. రెండు ఫ్రేముల ముక్కలు తెచ్చి బొమ్మ పక్కన పెట్టి చూద్దామన్నాను, సరే అన్నాడు. అద్దం తీసే పని మాత్రం తొందరలో ఎవరికీ అప్పగించొద్దని చెప్పాను. మెడ దగ్గర గట్టిగా లాగితే ఆ నీలం అద్దంతో పాటే ఊడి వస్తుంది.