బంగాబ్‌నామా: ఉపమానమా, ఉపాయమా?

ధ్యానమునకు మాదకద్రవ్యము తోడ్పడునా యను ప్రశ్న క్రొత్తది కాదు. నేఁడు హైదరాబాదు పాతబస్తీలోఁ జదువుకొను యువకులు సైత మీ ప్రశ్నను వేయుచున్నారు; వేయుచుఁ దమకుఁ బ్రమాణములుగా రెంటిని జూపుచున్నారు. ఒకటి, పతంజలి యోగసూత్రముల నాలుగవ పాదమునందలి తొలిసూత్రము. రెండవది, దక్కనీభాషా కవి యగు ఖాజీ మహమూద్ బహ్రీ రచించిన బంగాబ్‌నామా. మొదటిది శాస్త్రము, రెండవది కావ్యము. శాస్త్రమును శాస్త్రముగాను, గావ్యమును గావ్యముగాను జదువక, రెంటిని గలిపి నూఱి త్రాగుటచేతనే యీ చిక్కు పుట్టినదని నా తలంపు.

బహ్రీ స్వగ్రామము గోగి. అది నేఁటి కర్ణాటకమున యాదగిరి జిల్లాలోనిది. బీజాపురమున నాదిల్‌షాహీ ప్రభుత్వము చివరి దినములను జూచి, 1686లో నా నగర మౌరంగజేబు వశమైన పిదప నాతఁడు హైదరాబాదునకు వచ్చెను. త్రోవలో దొంగలచేఁ జిక్కి వ్రాసికొన్న పద్యములఁ బెక్కింటిని గోల్పోయెనని సాహిత్యచరిత్రకారులు తెలిపియున్నారు. మఱుసటి యేఁటనే గోలకొండయుఁ గూలెను. రెండేండ్లలో రెండు రాజ్యములు పోవుటను గన్న తరమువాఁ డాతఁడు. నిలుకడలేని లోకమును మఱచు మార్గమును వెదకుట వింతగాదు. 1700లో మన్ లగన్ అను సూఫీ కావ్యమును రచించి, 1717-18 ప్రాంతమున గోగియందే కీర్తిశేషుఁడయ్యెను. ఆయన కావ్యసంపుటము మహమ్మద్ హఫీజ్ సయ్యద్ గారి పరిష్కరణముతో లక్నోలో 1939లో నచ్చుపడినది. ఆంధ్రపండితులలో దీనిని జూచినవారు స్వల్పము.

రెండు కావ్యముల పేర్లను బరిశీలింతము. మన్ అనఁగా మనస్సు. లగన్ అనఁగాఁ దగులుకొనుట. సంగార్థకమగు లగ ధాతువునుండి పుట్టిన లగ్నశబ్దమును బాణిని యేడవ యధ్యాయము రెండవ పాదము పదునెనిమిదవ సూత్రమున సక్తార్థమున నిపాతించెను. అదే సూత్రమున మనస్సును జెప్పు స్వాంతశబ్దమును, అనాయాసమును జెప్పు ఫాంటశబ్దమును గలవు. ఫాంట మనఁగా నూఱక, కాఁచక, నీటి సంపర్కమాత్రముననే రసము దిగు కషాయమని వృత్తికారులు చెప్పుదురు. మనస్సు, తగులుట, శ్రమలేని కషాయము, ఈ మూఁడు నొక్క సూత్రమునఁ జేరినది కేవలము శబ్దసాధుత్వముకొఱకే. పాణినికి బహ్రీతోఁ బనిలేదు. అయినను నా రెండు కావ్యముల నెదుట నుంచుకొన్న వైయాకరణునకు నవ్వు రాక మానదు. మన్ లగన్ స్వాంతము లగ్నమగుటను జెప్పఁగా, బంగాబ్‌నామా యా లగ్నత ఫాంటమువలె ననాయాసముగా దిగునా యని యాసపడుచున్నది. బంగాకును నూఱక తప్పదు గావున నది ఫాంటము గాదనుట వేఱు మాట.

బంగాబ్ అనునది బంగాకు పేరునకుఁ బారసీకమున నీరని యర్థమిచ్చు ఆబ్ చేరి యేర్పడిన సమాసము. ఇచ్చటఁ గొందఱు సహృదయులు, సూఫీకవిత్వమున మధువును, బానపాత్రయును, బానశాలయును సంకేతములే కదా, బంగాకు నీరును సంకేతమే యని సమర్థింతురు. ఈ సమర్థనము భక్తిచేఁ బుట్టినదే కాని విమర్శచేఁ బుట్టినది కాదు. మద్యమును నిషిద్ధముగాఁ దలఁచు సమాజమున మధువు సంకేతముగా నిలుచుట సులభము. బంగాకు నీ రట్లుకాదు. అది ఫకీరుల చేతఁ బాత్రలో నున్న వస్తువు. బహ్రీ దానిని సేవించినవాఁడును, మెచ్చినవాఁడును. కవి తాను ద్రాగినదానిని ద్రాగితినని చెప్పఁగా మనము కాదనుట కవికిఁ జేయు గౌరవము గాదు.

ఇందుకుఁ బ్రతిగా దక్కనుసూఫీల చక్కీనామాలను జూడుఁడు. అవి స్త్రీలు తిరుగలి త్రిప్పుచుఁ బాడుకొను పాటలు. తిరుగలి తిరుగుట భగవన్నామస్మరణమునకుఁ దాళముగాను, దృష్టాంతముగాను నందు గూర్పఁబడినది. ఆ పాటలు విన్న యిల్లా లెవ్వతెయుఁ బిండి విసరుటయే మోక్షమని భ్రమపడదు. పిండి రొట్టె కగును, స్మరణము మనస్సున కగును. అచ్చట నుపమాన ముపమానముగానే నిలిచినది. బంగాబ్‌నామాలో నది యుపాయమైనది. కావ్యముగా నిది మన్ లగన్‌కుఁ దీసికట్టగుటకుఁ గారణ మిదియే యని నా యభిప్రాయము: వస్తువు చేతికందిన తరువాత వ్యంజనకుఁ జోటు మిగులదు.

ఇఁక భంగాశబ్ద చరిత్రము. అథర్వవేదము పదునొకండవ కాండమున నోషధులలో సోమముతోపాటు దీని పేరు వచ్చుచున్నది. పాణిని యైదవ యధ్యాయము రెండవ పాదము నాలుగవ సూత్రమునఁ దిలమాషాదులతోఁ జేర్చి, భంగ పండు పొలమునకు భంగ్యమనియు భాంగీనమనియు రూపములను సాధించెను. అమరసింహుఁడు వైశ్యవర్గమున ధాన్యాదులతోఁ జెప్పెను. వీరికది పైరు; మత్తు ప్రసక్తి యీ తావులందు లేదు. విజయ యను గొప్ప పేరు పెట్టి మెచ్చినది తరువాతి వైద్యరసగ్రంథములు. (1985 నాఁటి మాదకద్రవ్యముల చట్టము సైతము పూఁగొనలను గంజాయి యని నిర్వచించి, వానితోఁ గూడని యాకును విడిచినది, శాసనకర్తలకును శబ్దార్థవిచారము తప్పలేదు.) శార్ఙ్గధరుఁడు దీనిని నల్లమందుతోఁ గలిపి వ్యవాయిద్రవ్యములకు దృష్టాంతముగాఁ జెప్పెను. వ్యవాయి యనఁగా ముందు దేహమంతయు వ్యాపించి, పిదపఁ బాకము నొందునది. అన్నము పచనమై పిదప వ్యాపించును. ఇది వ్యాపించి పిదపఁ బచనమగును. ఈ క్రమవైపరీత్యమును పఠితలు మనసున నుంచుకొనఁ గోరెదను.

మద ధాతువునకు హర్షమర్థము. ఉపసర్గ లేనప్పుడు మదము. హర్షమే వివక్షితమైనచోఁ బ్రమదము, సమ్మదము అని మూఁడవ యధ్యాయము మూఁడవ పాదము నఱువదియెనిమిదవ సూత్రము నిపాతించును. హర్షము గానిచోఁ బ్రమాదము. ప్రమదమునకుఁ బ్రమాదమునకు భేద మొక్క మాత్ర. ద్రవ్యసేవకుఁడు ప్రమదముకొఱకుఁ బాత్ర నెత్తును. ఆ మాత్ర యెప్పుడు సాగినదో వాఁ డెఱుఁగఁడు. పతంజలి చెప్పిన తొమ్మిది యంతరాయములలో నాలుగవది ప్రమాదము. ఎనిమిదవది భూమిక లభింపకుండుట, తొమ్మిదవది లభించిన భూమికయందు నిలువలేకుండుట. మత్తు దిగినవాని స్థితికిఁ దొమ్మిదవదానికంటెఁ దగిన పేరు లేదు.

ఇప్పుడు నాలుగవ పాదమునకు వత్తము. సిద్ధులు జన్మమువలనను, ఓషధివలనను, మంత్రమువలనను, దపస్సువలనను, సమాధివలనను గలుగునని సూత్రకారుఁడు చెప్పిన మాట నిజము. అవి ద్వంద్వసమాసమున సమముగా నున్నవి గావున సమాధికి నోషధికిఁ దారతమ్యము లేదని మన యువకుల వాదము. ద్వంద్వము సిద్ధిజనకత్వమున మాత్రమే సామ్యమును జెప్పును. సర్వవిధముల సామ్యమును జెప్పదు. రామలక్ష్మణులు వచ్చిరన్నచో రాకయం దిరువురు సమానులు, పట్టాభిషేకమునందుఁ గాదు. పైఁగా భాష్యకారుఁ డోషధిసిద్ధి నసురభవనములయందలి రసాయనములకుఁ జేర్చెను. వాచస్పతిమిశ్రుఁడు వింధ్యమున వసించిన మాండవ్యముని నుదాహరించెను. అంతటితో నాఁగక, యాఱవ సూత్రమున సూత్రకారుఁడే తత్ర యని నిర్ధారణము చేసి, ఆ యైదింటిలో ధ్యానమునఁ బుట్టిన చిత్తమే యాశయరహితమని నిర్ణయించెను. ఆశయ మనఁగా వాసనల నిలువ. ఓషధి సిద్ధి నీయవచ్చును, నిలువను గడుగదు. మొదటి సూత్రము చదివి యాఱవదానిఁ జదువనివాఁడు పూర్వపక్షమునే సిద్ధాంతమని భ్రమించినవాఁడు.

పాశ్చాత్యులలో నీ వివాదము 1954లో నాల్డస్ హక్స్లీ మెస్కలిన్ సేవానుభవమును బ్రకటించినప్పుడు పెరిగినది. 1957లో జేనర్ పండితుఁడు దానిని ఖండించెను. ఆ ఖండనమున మతాభిమానము పాలు హెచ్చు. ఇటీవలి పరిశోధనమును గాదనుట మాత్రము న్యాయముగాదు. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమువారు కొన్ని పుట్టగొడుగులయందుండు సైలోసైబిన్ అను ద్రవ్యమును 36 మంది కిచ్చి 2006లో ఫలితములఁ బ్రకటించిరి. పెక్కండ్రు తమ జీవితమున మిక్కిలి యర్థవంతమైన యనుభవములలో నొకటిగా దానిని జెప్పిరి. 2018లోఁ బ్రకటించిన మఱియొక పరిశోధనమున 75 మందిని మూఁడు తెగలు చేసి, ద్రవ్యముతోపాటు ధ్యానాభ్యాసమును నేర్పిరి. ద్రవ్యము హెచ్చుగా నిచ్చిన రెండు తెగలకు ఫలము హెచ్చు. ఆ రెంటిలోను నభ్యాసమునకు విశేషసాయము పొందిన తెగ ముందున్నది. ద్రవ్యము వట్టిదని దీనివలన సిద్ధింపదు. అభ్యాసము లేకున్నఁ జాలునని యంతకన్న సిద్ధింపదు. అది యెంచి తీసికొన్న మనుష్యులకు వైద్యుల కావలిలో నిచ్చినది. సందుమొగలఁ దెచ్చుకొన్న పొట్లమున కీ ప్రమాణము వర్తింపదు.

మన మారన మార్కండేయపురాణమున నింతకంటె సూక్ష్మమైన విషయము కలదు. ఆ గ్రంథమున దత్తాత్రేయుఁడు మధుపానము చేయుచు స్త్రీసహితుఁడై కనఁబడును. ఎందులకు? వెంటఁబడిన మునికుమారులు విసిగి విడిచిపోవుటకు. అది యోగమునకు సాధనము గాదు, యోగమునకుఁ గట్టిన తెర. ఆ దత్తాత్రేయుఁడే యలర్కునకు యోగము నుపదేశించునపుడు పాత్ర మాటయే యెత్తఁడు. ప్రాణాయామాదులను, యోగికి వచ్చు నుపసర్గములను జెప్పును. అలర్కుని తల్లి పేరు మదాలస. మదముచే నలసమైనది యని పేరునకు వ్యుత్పత్తి, చేసిన పని జోలపాటలతో బిడ్డల మేలుకొలుపుట. గురువు త్రాగుటను జూచి పోయిన శిష్యులకంటె, త్రాగుటను జూచి తామును ద్రాగిన శిష్యులు బహ్రీవంటివారికి లభించుట దక్కను సాహిత్యమునకుఁ గలిగిన కష్టము.

బంగాబ్‌నామాను దెలిఁగింపఁదగును, పొరుగుభాషలోని కావ్యము, మన నగరమునకు వచ్చిన కవి. తెలిఁగించువారి కొక్క మనవి. దక్కనీకావ్యములందుఁ గైఫ్ అను పదము వచ్చినచో దానిని సమాధి యనియు, నానంద మనియు ననువదింపకుఁడు. అరబ్బీలో నెట్లు అని ప్రశ్నించు పదమునుండి పుట్టి, స్థితి యను నర్థము గడించి, మత్తునకుఁ బేరై, యిచ్చటి బజారులలో మన నాలుకపైకి వచ్చి కైపు అయినది. ఆ మాట మనకున్నది, దానినే వ్రాయుఁడు.