ఆ ఉంగరం ఎవరిది?

వుడీ ఆలెన్ 2005లో తీసిన "మ్యాచ్ పాయింట్" చూసినవాళ్ళని ఎవరినైనా కదిపి చూడండి, రెండే మాటలు వినిపిస్తాయి. "ఇదేం సినిమా అండీ, అంత ఘోరం చేసినవాడికి శిక్షే లేదు!" అని కొందరు. "లోకంలో జరిగేదే చూపించాడు, అంతా అదృష్టం" అని మరికొందరు.

నాకు పేచీ ఈ రెండో మాటతోనే.

కథ లండన్‌లో జరుగుతుంది. క్రిస్ అనే టెన్నిస్ కోచ్ కలవారింటి పిల్ల క్లోయీని పెళ్ళాడి, మామగారి ధర్మమా అని మంచి ఉద్యోగం, థేమ్స్ నది కనిపించే ఫ్లాటు సంపాదిస్తాడు. మరోపక్క బావమరిది ఒకప్పుడు పెళ్ళాడదామనుకున్న నోలాతో రహస్య సంబంధం! ఇంట్లో ఇల్లాలు పిల్లలు కలగలేదని బెంగపడుతూంటే, అక్కడ నోలా నెల తప్పుతుంది. భార్యకి నిజం చెప్పమని నిలదీస్తుంది. అంతే, క్రిస్ మామగారి వేట తుపాకీని టెన్నిస్ సంచీలో పెట్టుకుని బయల్దేరతాడు.

దొంగతనంలా కనిపించాలని ముందు నోలా పొరుగింటి ముసలావిణ్ణి, తర్వాత నోలాని చంపేస్తాడు. ఆపైన ఏమీ ఎరగనట్టు భార్యతో నాటకానికి వెళ్తాడు. దోచిన నగలు నదిలోకి విసిరితే, ఒక ఉంగరం మాత్రం రెయిలింగుకి తగిలి ఇవతల పడుతుంది. దొరికిపోయాడనుకుంటాం. కానీ అది ఎవడో మత్తుమందుల వాడి జేబులో దొరికి, నేరం వాడి మీదకి పోతుంది. క్రిస్ బయటపడతాడు.

ఇక్కడే "చూశారా అదృష్టం!" అంటారు. కాస్త ఆలోచించండి. అదృష్టం వచ్చింది ఎప్పుడు? రెండు ప్రాణాలు పోయాక. అబద్ధాలు, తుపాకీ, నాటకం టిక్కెట్లు, ఇవేవీ నెట్‌కి తగిలి ఎటో పడిన బంతులు కావే! తప్పించుకోవడం అదృష్టం కావచ్చు, చంపడం మాత్రం నిర్ణయం.

ఇంకో సంగతి. ఎవరిని అడిగినా నోలా గురించో, క్లోయీ గురించో చెబుతారు. ముసలావిడ ఊసే ఎత్తరు. ఆ ఉంగరం ఆవిడదే! దర్శకుడు మరిచిపోలేదు సుమండీ. ఆవిణ్ణి క్రిస్ కళ్ళముందు నిలబెట్టి, నేనేం చేశానని అడిగిస్తాడు. ఉంగరం ఇవతల పడగానే మనం "అయ్యో" అనుకుంటాం చూడండి, అది ఎవరి కోసం? హంతకుడి కోసమేగా! మనల్ని అంతదాకా లాక్కుపోవడంలోనే ఆలెన్ గడుసుతనమంతా ఉంది.

లోటంటారా, క్లోయీ. ఎమిలీ మార్టిమర్ ఎంత చక్కగా చేసినా, ఆ ఇల్లాలి మనసులోకి సినిమా తొంగి చూడలేదు.

చివర క్లోయీకి బాబు పుడతాడు. వాడు అదృష్టవంతుడు కావాలని మేనమామ కోరుకుంటాడు. అందరూ సంతోషంగానే ఉంటారు. అందుకే, శిక్ష పడలేదని మండిపడినవాళ్ళే నాకు నచ్చారు. ఆ ఇంట్లో ఎవరికీ రాని కోపం, చూసిన మనకైనా రావద్దూ!