ఏ గుర్తును ఆ గుర్తుగానే

2024 ఆగస్టు 26న మేక్‌మ్యూజిక్ సంస్థ తన నొటేషన్ సాఫ్ట్‌వేర్ ఫినాలేను ఇక ముందుకు తీసుకెళ్లబోమని ప్రకటించింది. 1988లో వచ్చిన ఈ సాఫ్ట్‌వేర్ మీద ఆర్కెస్ట్రా స్కోర్లు, బ్యాండ్ పార్టులు, కాయిర్ పాటలు ఎన్ని తయారయ్యాయో లెక్కకట్టడం కష్టం. ఆ వార్తతో నొటేషన్ రాసేవాళ్లలో మొదలైన బెంగ ఒక్కటే: కొత్త కంప్యూటర్లలో ఫినాలే నడవని రోజు వస్తే పాత ఫైళ్లను దేంతో తెరవాలి?

కాయిర్లకు, చిన్న స్ట్రింగ్ బృందాలకు స్టాఫ్ నొటేషన్ రాసే నాకు ఈ బెంగ కొత్తది కాదు. ఒకరి దగ్గర సిబేలియస్ ఉంటుంది, మరొకరి దగ్గర డోరికో. డబ్బు పెట్టలేని విద్యార్థులు ఉచితంగా దొరికే మ్యూజ్‌స్కోర్ వాడతారు. ఒక దాంట్లో సేవ్ చేసిన ఫైలు మరో దాంట్లో నేరుగా తెరుచుకోదు. పీడీఎఫ్ పంపితే చూసి వాయించుకోవచ్చు. కానీ పాడే అమ్మాయి ‘శ్రుతి ఒక మెట్టు దించండి’ అని అడిగిందంటే ఆ పీడీఎఫ్ ఎందుకూ పనికిరాదు. అన్ని స్వరాలూ మళ్లీ ఎక్కించుకోవాల్సిందే.

మిడి ఫైలు పంపితే సరిపోతుంది కదా అంటారు కొందరు. 1983లో వచ్చిన మిడి వాద్యాల మధ్య కబురు చేరవేయడానికి పుట్టింది. ఏ కీ ఎప్పుడు నొక్కారు, ఎంత బలంగా నొక్కారు, ఎప్పుడు వదిలారు అన్నది చెబుతుంది. మధ్య సి పక్కనున్న నల్ల కీ దానికి 61వ నంబరు, అంతే. అది సి షార్పా, డి ఫ్లాటా అన్నది ఆ నంబరులో లేదు. డి మేజర్ పాటలో సి షార్ప్ ఉండాల్సిన చోట డి ఫ్లాట్ కనబడితే వయొలిన్ వాయించేవారి చెయ్యి ఆగిపోతుంది. చెవికి రెండూ ఒకటే అయినా, చదివే కంటికి కావు.

ఈ లోటు తీర్చింది మ్యూజిక్‌ఎక్స్‌ఎంఎల్, ఒక నొటేషన్ సాఫ్ట్‌వేర్ నుంచి మరొకదానికి స్కోరును చేరవేసే ఫైల్ ఫార్మాట్. మైఖేల్ గుడ్ తన రికార్డేర్ సంస్థలో దీన్ని రూపొందించి, 2004లో మొదటి పూర్తి వెర్షన్ విడుదల చేశారు. 2011లో రికార్డేర్‌ను మేక్‌మ్యూజిక్ కొనుక్కుంది. 2015లో ఈ ఫార్మాట్ బాధ్యత వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం కింద పనిచేసే ఒక కమ్యూనిటీ గ్రూపుకు వెళ్లింది. 2021లో 4.0 వెర్షన్ వచ్చింది కూడా అక్కడినుంచే. అందుకే ఫినాలే ఆగినా మ్యూజిక్‌ఎక్స్‌ఎంఎల్ ఆగలేదు. పదిమంది వాడుకోవాల్సినది ఒక్క కంపెనీ చేతిలో ఉండకూడదని నేను గట్టిగా నమ్మడానికి ఇదొక కారణం.

ఒక మ్యూజిక్‌ఎక్స్‌ఎంఎల్ ఫైలును మామూలు టెక్స్ట్ ఎడిటర్‌లో ఒకసారి తెరిచి చూడండి. ఒక్కో స్వరానికి కొన్ని వరుసలు కనిపిస్తాయి: అక్షరం ఎఫ్, మార్పు 1, ఆక్టేవ్ 4, నిడివి ఇంత, రకం క్వార్టర్. మార్పు 1 అంటే షార్ప్. ఎంతసేపు మోగాలన్నది ఒక వరుస, కాగితం మీద ఏ ఆకారంలో కనిపించాలన్నది వేరొక వరుస. స్లర్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసింది, సాహిత్యంలో ఈ అక్షరం మాటకు మొదటిదా, నడిమిదా, చివరిదా అన్నది కూడా పేరుపేరునా రాసి ఉంటుంది. సంగీతజ్ఞానం ఇంత శ్రద్ధగా పేర్చి ఉండడం చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

అయితే మనం చెప్పిన సంగతే అది చెప్పగలదు. టెంపోను టెంపో గుర్తుగా కాకుండా ‘క్వార్టర్ = 72’ అని ఉత్త టెక్స్ట్‌గా టైప్ చేశారనుకోండి. అవతలి సాఫ్ట్‌వేర్‌కు అది వట్టి రాత. తనకు అలవాటైన వేగంలో, సాధారణంగా 120లో, వాయించేస్తుంది. బి ఫ్లాట్ క్లారినెట్‌ను ట్రాన్స్‌పోజింగ్ వాద్యంగా పెట్టకుండా మామూలు స్టాఫ్ మీద స్వరాలను ఒక మెట్టు పైకి రాసిపెడితే, కాగితం మీద చక్కగానే ఉంటుంది. ప్లే చేస్తే మాత్రం, ఎక్స్‌పోర్ట్ అయ్యాక కూడా, ఆ పార్టు మొత్తం ఒక మెట్టు పైన మోగుతుంది.

తెలుగు సాహిత్యం దగ్గర ఇది ఇంకా బాగా కనిపిస్తుంది. ‘స్తోత్రము’ అన్న మాటను లిరిక్స్‌గా, స్తో, త్ర, ము అని ఒక్కో స్వరం కింద ఒక్కో అక్షరంగా ఎక్కిస్తే ఆ అమరిక అవతలికీ చేరుతుంది. పాదం మొత్తం స్టాఫ్ కింద టెక్స్ట్ బాక్స్‌లో పెట్టి స్పేస్‌బార్‌తో జరిపితే, ఏ అక్షరం ఏ స్వరానిదో తేల్చుకోవడం అవతలివాళ్ల నెత్తిన పడుతుంది. యూనికోడ్ కాని పాత ఫాంట్లతో టైప్ చేసిన పాట, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో పిచ్చి గుర్తులుగా తేలుతుంది. పాత కాయిర్ పుస్తకాలను యూనికోడ్‌లోకి మార్చే పనిని వాయిదా వెయ్యవద్దని కాయిర్ మాస్టార్లందరికీ నా మనవి.

సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురంలో తెలుగు లిపిలో అచ్చువేయించిన సంగీత సంప్రదాయ ప్రదర్శినిలో, ఏ గుర్తును ఆ గుర్తుగానే రాసే ఈ క్రమశిక్షణ కనిపిస్తుంది. కంపితం, జారు వంటి గమకాలకు వేరువేరు గుర్తులు పెట్టి, వాటి అర్థాన్నీ వివరించారు. వందేళ్లు దాటినా ఆ పుస్తకాన్ని చూసి పాఠం చేసుకోగలుగుతున్నారంటే, ఏ గుర్తు దేనికో ఆయన చెప్పి ఉంచడం వల్లనే. మ్యూజిక్‌ఎక్స్‌ఎంఎల్‌లో మన గమకాలకు ప్రత్యేకమైన పేర్లు లేవు. కాబట్టి కీర్తనను స్టాఫ్‌లో రాసి పంపేవారు ఏ గుర్తుతో ఏ గమకాన్ని ఉద్దేశించారో ఒక పేజీలో రాసి జతచేయాలి. పాడిన రికార్డింగ్ తోడైతే మరీ మంచిది.

ఎంత జాగ్రత్తగా పంపినా పేజీ అమరిక చెదురుతుంది. వరుసలు వేరే చోట విరుగుతాయి, ఫాంట్లు మారతాయి. అందుకే పీడీఎఫ్ కూడా పంపాలి. అందుకున్నవారు రెండూ పక్కపక్కన పెట్టుకుని బార్ తర్వాత బార్ సరిచూసుకోవాలి. టైలు, ట్రిప్లెట్లు, రిపీట్ దగ్గర మొదటి రెండో ముగింపులు, రెండో చరణం సాహిత్యం — నేను ముందుగా చూసేవి ఇవే.

పాట పూర్తయిన రోజే మ్యూజిక్‌ఎక్స్‌ఎంఎల్, పీడీఎఫ్ రెండూ తీసి దాచుకోండి. మీరు వాడని మరో సాఫ్ట్‌వేర్‌లో ఆ ఫైలును ఒకసారి తెరిచి, ప్లే చేసి వినండి. తప్పు వినబడితే అసలు ఫైల్లోనే దిద్దండి. నొటేషన్ నేర్పే గురువులు బీమ్‌లు, రెస్టులు నేర్పేటప్పుడే దీన్నీ నేర్పాలి. ఇంకొకరు తెరిచి, శ్రుతి మార్చి, పాడుకోగలిగినప్పుడే స్కోరు రాయడం పూర్తయినట్టు.