గండికోట దృశ్యం: ఉపమ నుండి భ్రాంతికి

సాదృశ్యం వల్ల ఒక వస్తువును మరొకటిగా గ్రహించడాన్ని భ్రాంతిమదలంకారం అంటారు. ఉపమలో రెండింటి భేదం తెలుస్తూనే ఉంటుంది; భ్రాంతిలో అది మరుగున పడుతుంది. దీనికి కారణం కంటి దోషం కాదు, జ్ఞాపకం. భారతం సభాపర్వంలో దుర్యోధనుడు మయసభలోని స్ఫటికపు నేలను నీరని భ్రమించాడు. తరువాత నిజమైన నీటిని నేల అనుకొని పడ్డాడు. మొదటి పొరపాటు జ్ఞాపకమే రెండోదానికి దారితీసిందని భావించవచ్చు.

ఈ పరిణామం నేటి వ్యవహారంలోనూ కనిపిస్తుంది. జమ్మలమడుగు సమీపంలోని గండికోటను ‘భారతదేశపు గ్రాండ్ కేన్యన్’ అనడం ఉపమ మాత్రమే. ఎర్రమల కొండలను పెన్న కోసిన గండికీ, అరిజోనాలో కొలరాడో నది కోసిన లోయకీ పోలిక ఉన్నది. అయితే ఆ లోయ పొడవు 446 కిలోమీటర్లు, లోతు గరిష్ఠంగా 1,800 మీటర్లకు పైమాటే. పరిమాణంలో గండికోట దానికి సాటి కాదు. ఛాయాచిత్రాలలో చూసిన లోయనే ఇక్కడ వెదికే సందర్శకుని అవధానం గండి అంచునే ఆగిపోతుంది. మాధవరాయస్వామి ఆలయం, జుమ్మా మసీదు, ధాన్యాగారం ఎదుటే ఉన్నా చూపుకు ఆనవు. ఉపమానం ఉపమేయాన్ని కప్పివేసిన స్థితి ఇది.

నిజానికి ‘గండికోట’ అన్న పేరులో నది చేసిన గండి, మనిషి కట్టిన కోట రెండూ ఉన్నాయి. అరువు ఉపమానం మొదటిదాన్నే మిగిల్చింది. స్థలవర్ణనలను పరిశీలించేవారు పోలిక ఔచిత్యంతో పాటు, అది పాఠకుని చూపును దేని నుండి మళ్ళిస్తున్నదో కూడా విచారించవలసి ఉన్నది.